తాళమున్న 28 అరల మందుల పెట్టె: మతిమరుపు ఉన్నవారికి ఎంతవరకు పనికొస్తుంది?

గుండ్రటి పెట్టె. లోపల 28 అరలున్న పళ్లెం, పైన తాళం వేసే మూత, ఆ మూతకు చిన్న కిటికీ. మనం పెట్టిన వేళకు పళ్లెం ఒక్క అర జరిగి కిటికీ కిందికి వస్తుంది, అలారం మోగుతుంది, లైటు వెలుగుతుంది. పెట్టెను ఎత్తి గ్లాసులోకి బోర్లిస్తే ఆ పూట మాత్రలు పడతాయి, మోత ఆగుతుంది. మిగతా అరలన్నీ తాళం కిందే ఉంటాయి. ఆటోమేటిక్ పిల్ డిస్పెన్సర్ అనే పేరుతో చాలా కంపెనీలు ఇదే నమూనాను కొద్దిపాటి తేడాలతో అమ్ముతున్నాయి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్ల ఇంట్లో దీని పనితనం ఎంతో చూద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. మందు వేసుకోవాలన్న సంగతి గుర్తుకు రానివారికి, వేసుకున్నారో లేదో గుర్తుండనివారికి దీన్ని మించిన సాయం తక్కువ. తనకు జబ్బే లేదనేవారికి, మందు వద్దనేవారికి మాత్రం దాదాపు దండగ. ఈ రెండు రకాల మనుషులూ బయటికి ఒకేలా కనబడతారు, ఇద్దరి మాత్రలూ మిగిలిపోతుంటాయి. కొనేముందు మనవాళ్లు ఏ రకమో తేల్చుకోవాలి.

మాత్ర వేసుకోవడం చూడ్డానికి ఒక్క పని. మెదడుకు మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా చాలా పనులు. రాత్రి 8 గంటలకు వేసుకోవాలన్న ఉద్దేశాన్ని పొద్దుటి నుంచి పక్కన పెట్టుకుని, సరిగ్గా ఆ వేళకు పైకి తెచ్చుకోవాలి. దీన్ని ప్రాస్పెక్టివ్ మెమరీ అంటారు. నుదుటి వెనకుండే ఫ్రంటల్ లోబ్ దీనికి ముఖ్యం. వేసుకున్నాక ఆ సంఘటన మనసులో నిలవాలి. అది ఎపిసోడిక్ మెమరీ, కొత్త జ్ఞాపకాలను నమోదు చేసే మెదడు భాగం హిప్పోక్యాంపస్ లేనిదే కుదరదు. డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకమైన అల్జీమర్స్‌లో, మెదడు పైపొర అయిన కార్టెక్స్ మీద టౌ అనే ప్రోటీన్ చిక్కుముడులు మొదట చేరేది హిప్పోక్యాంపస్ పక్కనే ఉన్న ఎంటోరైనల్ ప్రాంతంలోనని, అక్కడి నుంచి హిప్పోక్యాంపస్‌కు, ఆపైన మిగతా మెదడుకు పాకుతాయని 1991లో మెదడు పరిశోధకులైన బ్రాక్ దంపతులు దశలవారీగా చూపించారు. అందుకే జబ్బు తొలి ఏళ్లలోనే, మందు మర్చిపోవడం కన్నా ప్రమాదకరమైన తప్పు మొదలవుతుంది. అరగంట కిందట వేసుకున్న మాత్ర జాడే మనసులో ఉండదు, మళ్లీ వేసుకుంటారు. రోజూ అదే చోట, అదే గ్లాసు, అదే మాత్ర. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిసిపోవడం ఏ జబ్బూ లేనివారికే జరుగుతుంది, కొత్త సంఘటన నమోదే కానివారి సంగతి చెప్పక్కర్లేదు.

ఫోన్‌లో అలారం పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఫోన్ మొదటి పని (వేళ గుర్తుచేయడం) చేస్తుంది, రెండోది (వేసుకున్నది గుర్తుంచడం) చెయ్యదు. అలారం ఆపేసి లేచి నాలుగడుగులు వేసేలోపు ఎందుకు లేచారో మరిచిపోతారు. వారానికి 7 వరసలు, రోజుకు 4 అరలు ఉండే మామూలు ప్లాస్టిక్ డబ్బా రెండో పని చేస్తుంది, అర ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. కానీ ఇవాళ ఏ వారమో తెలియాలి. వారం తెలియనివారు తెరిచిన అరే మంగళవారం అవుతుంది, ఒక్క మధ్యాహ్నంలో మూడు రోజుల మందులు ఖాళీ అయిపోతాయి. తాళమున్న పెట్టెకు ఇస్తున్న విలువ ఈ ఒక్క కారణానికే ఇవ్వొచ్చు. వేళను అది గుర్తుంచుకుంటుంది, ఒక పూట మందుకు మించి చేతికి అందనివ్వదు.

అరలు 28 అంటే రోజుకు ఒక పూటైతే 28 రోజులు, రెండు పూటలైతే 14, నాలుగు పూటలైతే 7 రోజులు వస్తాయి. మూడు పూటలైతే 9 రోజులు వచ్చి ఒక అర మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని ఖాళీగా వదలకుండా తర్వాతి రోజు పొద్దుటి మందు పెట్టేస్తే, పదో రోజు పళ్లెం మార్చడం ఆలస్యమైనా ఆ పూట గడుస్తుంది. వణుకుడు జబ్బు పార్కిన్సన్స్‌కు వాడే మందు లెవోడోపా రోజుకు 5 సార్లు పడేవారికి 5 రోజులకే పళ్లెం అయిపోతుంది. అలాంటివారికి విడిగా రెండో పళ్లెం కొని నింపి ఉంచుకోవడం తప్పనిసరి. లెవోడోపా విషయంలో ఈ పెట్టె చేసే ఇంకో మేలు వేళ పాటింపు. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనం పేగులోంచి, రక్తంలోంచి మెదడులోకి లెవోడోపా వెళ్లే దారిలో పోటీకి వస్తుంది కాబట్టి తిండికి అరగంట ముందు మోగేలా పెట్టుకోవచ్చు.

కొనేముందు అమ్మేవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: పూట తప్పితే ఆ మాత్రలు ఏమవుతాయి? కొన్ని నమూనాల్లో అలారం ఆగిపోయినా మాత్రలు కిటికీ కిందే ఉండిపోతాయి, తర్వాతి పూట వరకు ఎప్పుడైనా తీసుకోవచ్చు. పొద్దున 8కి తీసుకోని మందు రాత్రి 7:30కి కంటబడి వేసుకున్నారనుకోండి, 8కి రాత్రి మందు పడుతుంది. అరగంట తేడాతో రెండు డోసులు. విటమిన్‌కైతే ఫర్వాలేదు. రోజుకు రెండుసార్లు పడే లిథియం (మానసిక జబ్బుకు), గ్లిక్లజైడ్ (చక్కెర జబ్బుకు) లాంటివైతే ఆసుపత్రి పాలు చెయ్యొచ్చు. మరికొన్ని నమూనాల్లో మనం పెట్టిన గడువు దాటగానే పళ్లెం ఇంకాస్త తిరిగి, తప్పిన పూటను తాళం కిందికి లాగేసుకుంటుంది. డిమెన్షియాకు ఈ రెండో రకమే సరైనది. దీంతో ఇంకో లాభం కూడా ఉంది. పళ్లెం మార్చేటప్పుడు ఏ అరలు నిండుగా మిగిలాయో చూస్తే కారణం దొరుకుతుంది. అన్నీ మధ్యాహ్నానివే మిగిలితే ఆ వేళకు నిద్రలో ఉంటున్నట్టు, వేళ జరపాలి. అటొకటి ఇటొకటి మిగిలితే మోత వినబడటం లేదేమో చూడాలి. ఫలానా రోజు నుంచి వరసగా అన్నీ మిగిలితే ఆ రోజు ఏదో జరిగింది, అది ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిన డెలీరియం (హఠాత్తుగా వచ్చే మతిభ్రమ) కావచ్చు, డాక్టరుకు వెంటనే చెప్పాలి.

అలారం ఈ పెట్టెల్లో అన్నిటికన్నా బలహీనమైన భాగం. వయసుతో వచ్చే చెవుడు ముందుగా సన్నటి, కీచు శబ్దాలను మింగేస్తుంది. ఎక్కువ పెట్టెల మోత సరిగ్గా ఆ కీచు రకమే. పొగ అలారాల మీద జరిగిన పరిశోధనల్లో 3,000 హెర్ట్జ్ పైనుండే కీచుమోత కన్నా 520 హెర్ట్జ్ దగ్గరి బొంగురు మోత నిద్రలో ఉన్న పెద్దవాళ్లను బాగా లేపింది. కాబట్టి మోత రకం మార్చుకునే వీలున్న పెట్టెనే ఎంచుకోవాలి, లేదంటే కొనేముందు పక్కగదిలోంచి వారికి వినబడుతుందో లేదో పరీక్షించాలి, టీవీ ఆన్‌లో పెట్టి మరీ. ఇంట్లోవాళ్ల గొంతు రికార్డు చేసి పెట్టుకునే సదుపాయం కొన్నిటిలో ఉంటుంది. "అమ్మా, మందుల వేళయింది, పెట్టె బోర్లించు" అన్న మాట, అర్థం లేని బీప్ కన్నా వెయ్యి రెట్లు నయం. మోత వినగానే ఏం చెయ్యాలో కూడా అదే చెబుతుంది. ఒక్క జాగ్రత్త. స్కిజోఫ్రీనియా ఉండి చెవిలో మాటలు వినిపించేవారికి, లూయీ బాడీ డిమెన్షియాలో భ్రాంతులు ఉన్నవారికి, మనిషి లేకుండా వచ్చే గొంతు భయం పుట్టించవచ్చు. వారికి లైటు, మామూలు మోత చాలు.

పెట్టె వాడటం నేర్పడం అసాధ్యమని చాలా కుటుంబాలు అనుకుంటాయి. "రెండు నిమిషాల కిందట చెప్పింది గుర్తుండదు, ఇదెలా నేర్చుకుంటారు?" అంటారు. ఇక్కడ మెదడు ఇంకో దారి ఇస్తుంది. 1953లో మూర్ఛలు తగ్గించడానికి రెండు వైపులా హిప్పోక్యాంపస్ చాలావరకు తీసేసిన హెన్రీ మొలైసన్, ఆ తర్వాత జరిగినవేవీ గుర్తుంచుకోలేకపోయాడు. అయినా మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ అతన్ని అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడపమంటే మూడు రోజుల్లో చెయ్యి బాగా తిరిగింది. అంతకు ముందు ఆ పని చేసినట్టే అతనికి తెలియదు. చేతికి వచ్చే అలవాటుకు బేసల్ గాంగ్లియా, సెరిబెల్లం అనే మెదడు భాగాలు ఆధారం, అల్జీమర్స్‌లో ఇవి చాలాకాలం నిలబడతాయి. పెట్టె బోర్లించడం ఆ కోవలో నేర్పాల్సిన పని, మాటలతో వివరించి నేర్పేది కాదు.

నేర్పేటప్పుడు తప్పు చెయ్యనివ్వకపోవడం ముఖ్యం. "ఏం చెయ్యాలో నువ్వే కనుక్కో" అని వదిలేస్తే వాళ్లు మూత పీకుతారు, గుండీలు నొక్కుతారు. మనమైతే తప్పు గుర్తుంచుకుని రెండోసారి దిద్దుకుంటాం. వారికి తప్పు చేసినట్టు గుర్తుండదు గానీ చేతికి ఆ తప్పే అలవాటవుతుంది. జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవారికి తప్పు జరగనివ్వకుండా నేర్పితే బాగా వస్తుందని 1994లో మనస్తత్వవేత్తలు బాడ్లీ, విల్సన్ చూపించారు. కాబట్టి మోగగానే వారి చేతి మీద మీ చెయ్యి వేసి, పెట్టె ఎత్తించి, గ్లాసులోకి బోర్లించి, నీళ్లు అందించాలి. ప్రతిసారీ అవే మాటలు, అదే వరస, అదే చోటు. కొన్నాళ్లకు మీ చెయ్యి తేలిక చెయ్యండి, తర్వాత మోచేతిని తాకడం, ఆ తర్వాత ఊరికే పక్కన నిలబడటం. పెట్టె ఉన్న బల్లను ఈ రోజుల్లో కదపొద్దు. సర్దుడు పేరుతో పెట్టెను అలమరలోకి మార్చినవారు మళ్లీ మొదటికొస్తారు.

దీనికి తోడు మనస్తత్వవేత్త కామెరాన్ క్యాంప్ డిమెన్షియా ఉన్నవారి కోసం మలిచిన స్పేస్డ్ రిట్రీవల్ (వ్యవధి పెంచుతూ మళ్లీ మళ్లీ అడగడం) పద్ధతి బాగా కలుస్తుంది. "మోత వింటే ఏం చేస్తావు?" అని అడగాలి, "పెట్టె బోర్లిస్తా" అని జవాబు రావాలి. వెంటనే ఒకసారి, 30 సెకన్లకు, నిమిషానికి, 2 నిమిషాలకు, 4కు, 8కి అడుగుతూ పోవాలి. మధ్యలో ఖాళీ సమయాన్ని వేరే కబుర్లతో నింపాలి. జవాబు తప్పితే "ఆలోచించు" అనకూడదు. సరైన జవాబు మనమే చెప్పి, వారితో అనిపించి, చివరిసారి సరిగ్గా చెప్పిన వ్యవధికి వెనక్కి వెళ్లాలి. చెప్పడంతో పాటు ఉత్తచేతులతో చేసి చూపించమనాలి, మాట ఒక్కటే నేర్చుకుంటే చెయ్యి కదలదు. ఖాళీ పళ్లెంతో సాధన చేయించడం మాత్రం వద్దు. బోర్లిస్తే ఏమీ పడదన్నది కూడా ఒక పాఠమే అవుతుంది. అసలు మందులతోనే, అసలు వేళకే, పక్కన ఉండి చేయించాలి.

ఇక నింపడం. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే, పైగా ఒక తప్పు 14 రోజులు నడుస్తుంది. అర తర్వాత అర నింపుకుంటూ పోవద్దు. ఒక్కో మందు తీసుకుని పళ్లెం చుట్టూ తిరగాలి. రోజుకు రెండు పూటల మందును 14 రోజులకు నింపుతుంటే ముందుగా సరిగ్గా 28 మాత్రలు లెక్కపెట్టి చిన్న గిన్నెలో పోసుకోండి. చుట్టు పూర్తయ్యాక గిన్నెలో ఒకటి మిగిలితే ఎక్కడో ఒక అర తప్పింది, ఒకటి తక్కువైతే ఎక్కడో రెండు పడ్డాయి. గిన్నె ఖాళీ అయ్యాకే ఆ స్ట్రిప్ పక్కన పెట్టి రెండో మందు తియ్యాలి. అన్నీ అయ్యాక పొద్దుటి అరల్లో ఒక్కోదానిలో ఎన్ని, రాత్రి అరల్లో ఎన్ని ఉండాలో కాగితం మీద రాసి, ఇంకొకరు విడిగా లెక్కపెట్టాలి. ఫోన్‌తో పైనుంచి ఫొటో తీసుకుంటే తర్వాత వచ్చే అనుమానాలు తీరతాయి. ఒకే పూట మందైనా సరే 28 రోజులకు ఒకేసారి నింపకండి. మధ్యలో డాక్టరు మందు మారిస్తే 28 అరల్లోంచి తెల్ల మాత్రల్లో సరైన తెల్ల మాత్రను ఏరాలి.

నింపే ముందు మందుల చీటీ మొత్తం ఒకసారి ఫార్మసిస్టుతోనో డాక్టరుతోనో చూపించుకోవడం ఈ పెట్టె కన్నా ఎక్కువ మేలు చేసిన సందర్భాలు ఉంటాయి. అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్, జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం మెదడులో విరిగిపోకుండా ఆపుతుంది. మూత్రం ఆగడం లేదని ఇచ్చే ఆక్సీబ్యూటినిన్, నిద్రకోసం కొనుక్కునే డైఫెన్‌హైడ్రమైన్, నొప్పులకో దిగులుకో వాడే అమిట్రిప్టిలిన్ అదే ఎసిటైల్‌కోలిన్‌ను గ్రాహకాల దగ్గర అడ్డుకుంటాయి. రెండు రకాలూ ఒకే అరలో పడుతుంటే ఒకటి కట్టేది ఇంకొకటి కూలుస్తుంది, మతిమరుపు మాత్రం పెరుగుతుంది. పెట్టె ఈ పొరపాటును వేళ తప్పకుండా జరిపిస్తుంది, అంతే.

అన్ని మందులూ అరల్లో పెట్టదగ్గవి కావు. రక్తం గడ్డకట్టకుండా వేసే డాబిగాట్రాన్ క్యాప్సూల్స్ తేమకు పాడవుతాయి, వాటి సొంత డబ్బాలోంచి తియ్యకూడదు. మూర్ఛలకు ఇచ్చే సోడియం వాల్‌ప్రోయేట్ గాలిలోని తేమ పీల్చి మెత్తబడుతుంది. నాలుక మీద కరిగే రకం మాత్రలు (డోనెపెజిల్, ఓలాంజాపిన్, మిర్టజాపిన్‌లలో ఈ రకం ఉంది) స్ట్రిప్ చింపిన వెంటనే నోట్లో వేసుకోవాలి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ సొంత గాజుసీసాలోనే, చేతికందేచోట ఉండాలి. అల్జీమర్స్‌కు చర్మం మీద అంటించే రివాస్టిగ్మిన్ పట్టీ, ద్రవాలు, అవసరమైతేనే వేసుకోమన్న మందులు ఎలాగూ ఇందులోకి రావు. వీటికి వేరే ఏర్పాటు ఉండాలి, ఆ ఏర్పాటును మనిషే చూసుకోవాలి. సగం ముక్క చేసిన మాత్రల పొడి రాలి అరల అంచుల్లో పేరుకుని పళ్లెం ఇరుక్కుపోతుంది. జెలటిన్ క్యాప్సూల్ ఉక్కపోతలో అర గోడకు అతుక్కుని, బోర్లించినా పడదు. పెట్టె మాత్రం మోత ఆపేస్తుంది. పెద్ద మాత్ర నిలువుగా నిలబడి అర అంచు దాటితే మూతకు తగిలి మోటారు ఆగుతుంది. మూత వేసే ముందు పళ్లెం మీదుగా చెయ్యి అడ్డంగా పోనిస్తే ఏదైనా పైకి పొడుచుకొస్తే తెలుస్తుంది.

ఈ పెట్టె చెప్పలేని పెద్ద విషయం ఒకటుంది. బోర్లించారని దానికి తెలుస్తుంది, మింగారని తెలియదు. సిమ్ పెట్టి పూట తప్పితే సందేశం పంపే ఖరీదైన నమూనాలకూ ఇదే పరిమితి. "తీసుకున్నారు" అని ఫోన్‌కు సందేశం వచ్చిన మాత్రలు గ్లాసు అడుగునో, జేబులోనో, దిండు కిందో ఉండొచ్చు. తెల్లటి గ్లాసులో తెల్ల మాత్ర అల్జీమర్స్ కళ్లకు ఆనదు. రంగుల తేడా, వెలుగునీడల తేడా పట్టే శక్తి ఆ జబ్బులో తగ్గుతుంది. ముదురు రంగు గ్లాసు పెట్టడం ఉచితంగా దొరికే మరమ్మతు. దూరంగా ఉన్నవారు పెట్టె పంపే సందేశాలను నమ్ముకుని వెళ్లడం మానేస్తే, పెట్టె లేనప్పటికన్నా పరిస్థితి పాడవుతుంది.

మానసిక వ్యాధుల దగ్గర ఇంకొన్ని లెక్కలు మారతాయి. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజాపిన్ 48 గంటలకు మించి ఆగితే పాత డోసుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, 12.5 మిల్లీగ్రాముల నుంచి ఎక్కించుకుంటూ రావాలి, లేకపోతే రక్తపోటు పడిపోవచ్చు. పెట్టెలో రెండు రోజుల అరలు నిండుగా కనబడితే మూడో రోజు మందు యథావిధిగా ఇచ్చెయ్యకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. రివాస్టిగ్మిన్ క్యాప్సూల్స్‌కు కూడా మూడు రోజులు దాటితే అడుగు నుంచి మొదలుపెట్టాల్సిందే. లిథియం రక్తపరీక్ష ఆఖరి డోసు తర్వాత 12 గంటలకు చెయ్యాలి. పరీక్ష రోజు పొద్దుటి అరలోంచి లిథియం ముందే తీసి విడిగా ఉంచకపోతే పెట్టె తన పని తాను చేసేస్తుంది, ఫలితం తప్పుగా ఎక్కువ వస్తుంది. తీవ్రమైన దిగులులో ఉండి ప్రాణం మీద ఆశ తగ్గినవారి గదిలో రెండు వారాల అమిట్రిప్టిలిన్‌నో లిథియాన్నో ఈ పెట్టెలో పెట్టి వదలడం ప్రమాదం. తాళం పొరపాటును ఆపుతుంది గానీ, తెరవాలనుకున్నవారిని ఆపేంత గట్టిది కాదు. వారికి కొద్దిరోజుల మందే ఇంట్లో ఉంచి, మనిషి చేతి నుంచే ఇవ్వాలి. మందు వద్దనే స్కిజోఫ్రీనియాలో పెట్టె కన్నా నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ గురించి డాక్టరుతో మాట్లాడటం సరైన దారి. ప్రవర్తన ముందుగా మారే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాలో కొందరు పెట్టెను విడదీసేదాకా ఊరుకోరు. అక్కడ ఇది పెట్టకపోవడమే మేలు.

చేతులు వణికే పార్కిన్సన్స్ వారికి పెట్టె ఎత్తి బోర్లించడమే కష్టం. కొన్ని కంపెనీలు పెట్టెను ఊయలలా వంచే స్టాండు విడిగా అమ్ముతాయి, అది తీసుకుంటే ఒక్కచేత్తో అయిపోతుంది. గడియారాన్ని 24 గంటల పద్ధతిలోనే పెట్టండి, రాత్రి 8 బదులు పొద్దున 8 పెట్టడం సాధారణంగా జరిగే తప్పు. బ్యాటరీలు మార్చినప్పుడల్లా వేళ సరిగ్గా ఉందో, పళ్లెం సరైన అర దగ్గరే ఉందో చూడాలి. తాళం చెవి పెట్టె ఉన్న గదిలో ఉండకూడదు, అలాగని ఒక్కరి జేబులోనే ఉండకూడదు.

ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే పెట్టెతో పాటు అసలు స్ట్రిప్‌లు, చీటీ తీసుకెళ్లండి. అరలో పడ్డాక మాత్రకు పేరుండదు, అక్కడి నర్సు వాటిని గుర్తుపట్టి ఇవ్వలేరు. మిగిలిన అరలు ఎన్నో మాత్రం డాక్టరుకు చూపించండి, ఎన్ని రోజులుగా మందు పడలేదో ఆ పళ్లెమే చెబుతుంది.